నవ్వు ఆగిన చోట పెన్సిల్‌తో గీత పెట్టండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ముందు చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. ఇంగ్లండ్‌లో ఎనిమిది మంది కలిసి, రచయిత అంటూ ఎవరూ లేకుండా రిహార్సల్ గదిలోనే అల్లుకున్న 70 నిమిషాల మ్యూజికల్ కామెడీ ఇది. ప్రొటెస్టెంట్లైన ఎలిజబెత్ రాణి, ఆ తర్వాత జేమ్స్ రాజు కాలాల్లో కాథలిక్కుల మీద సాగిన వేట మీ కథ. మూడు ప్రదర్శనలు అయ్యాయి. మొదటి రాత్రి పడీ పడీ నవ్వారు. రెండో రాత్రి ఆ చోట్లలో చాలావాటి దగ్గర చీమ చిటుక్కుమన్నా వినిపించే నిశ్శబ్దం. మూడో రాత్రి, యార్క్‌లో అప్పట్లో చంపేసిన మార్గరెట్ క్లిథరో అనే కాథలిక్ ఆవిడ సీన్ మధ్యలో ఒక పెద్దాయన లేచి వెళ్ళిపోయారు, ఆయనతో వచ్చిన ఆవిడ ఆఖరిదాకా కూర్చుని "మావాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్న సంగతి మీకు ఆటగా ఉందా" అని చీటీ రాసి పెట్టి వెళ్ళారు. ఇంకెవరో, ఎలిజబెత్‌కి ముందు పాలించిన కాథలిక్ రాణి సంగతి ఎత్తుతూ, "మరి మేరీ రాణి తగలబెట్టించిన ప్రొటెస్టెంట్ల మాటేంటి" అని రాశారు. టీమ్‌లో సగం మంది సీన్ తీసేద్దాం అంటున్నారు, మిగతా సగం ఒక్క అక్షరం మార్చినా మేం ఉండం అంటున్నారు. వచ్చే నెల యార్క్‌లో ఆడాలి.

తీసేయకండి. అలాగని ఉన్నది ఉన్నట్టు యార్క్‌కి మాత్రం మోసుకెళ్ళకండి.

ఇలాంటి టీమ్‌లతో పన్నెండేళ్ళుగా పనిచేస్తున్నాను. ఎక్కువగా నేను చేసేది బయట కూర్చుని చూసే పనే, అంటే నటించను, రాయను, గుంపు అల్లుకున్న దాన్ని చూసి ఇక్కడ బాగుంది, ఇక్కడ పోయింది అని చెప్తాను. కాబట్టి నా సలహాలో సగం బయట కూర్చునేవాడి పక్షపాతం ఉంటుంది, అది మీరు తగ్గించి చదువుకోండి.

ముందు ఆ మొదటి రాత్రి నవ్వుల్ని లెక్కలోంచి తీసేయండి. మొదటి రాత్రి వచ్చినవాళ్ళు ఎవరు? స్నేహితులు, క్లాస్‌మేట్లు, ఎవరో ఒకరి అక్కో తమ్ముడో. వాళ్ళు నాటకాన్ని చూసి నవ్వరు, తమవాడు స్టేజి మీద విగ్గు పెట్టుకుని నిలబడ్డాడని నవ్వుతారు. ఆ నవ్వు తియ్యగా ఉంటుంది, దానికోసం నటులు ప్రాణం పెడతారు, కానీ దాన్నిబట్టి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. మీ నాటకం నిజంగా మొదలైంది రెండో రాత్రి. నిశ్శబ్దంగా ఉన్నారని మీరు ఫెయిల్ అనుకున్నారు చూశారా, నేనైతే ఆ రాత్రి రికార్డింగ్ ఏమన్నా ఉందా అని అడుగుతాను.

ఎందుకంటే నిశ్శబ్దాలన్నీ ఒకటి కావు. జనం ఊపిరి బిగబట్టిన నిశ్శబ్దంలో ఏ చప్పుడూ ఉండదు. విసుగెత్తినదో, ఇబ్బంది పడ్డదో అయితే దగ్గులు వినిపిస్తాయి, కుర్చీలు కిర్రుమంటాయి, చేతిలో కాగితాలు గలగలమంటాయి, ఫోను వెలుగు ఒకటి రెండు చోట్ల కనిపిస్తుంది. నవ్వులూ అంతే. మొత్తం హాలు ఒక్కసారిగా నవ్వేది ఒక రకం. ముందు వరసలో ఇద్దరు నవ్వి, వెనక్కి తిరిగి చూసి, మిగతావాళ్ళు నవ్వడం లేదని తెలిసి ఆపేసుకునేది ఇంకో రకం. అన్నిటికంటే పనికొచ్చేది సగంలో తెగిపోయే నవ్వు. మొదలైంది, నోరు తెరిచారు, అంతలో ఏదో తట్టింది, ఆగిపోయింది. అది మీరు కావాలని తెప్పించినదైతే మీరు మంచి పనివాళ్ళు. అనుకోకుండా వచ్చినదైతే అక్కడ కూర్చుని ఆలోచించాల్సిన పని ఉంది. నేను చేసేది చాలా మోటు పద్ధతి: పక్క గోడ వారగా, స్టేజికి వీపు పెట్టి, జనం మొహాలు కనిపించేలా కూర్చుంటాను. స్క్రిప్టు ఒళ్ళో పెట్టుకుని, నవ్వు మొదలైన చోట చిన్న చుక్క, ఆగిన చోట గీత. మూడు రాత్రుల స్క్రిప్టులు పక్కపక్కన పెడితే, ఆ రాత్రి జనంవల్ల వచ్చిన తేడాలేవో, మీ రాతలోనే ఉన్న తేడాలేవో విడిపోయి కనిపిస్తాయి. చీటీలు చదవడం ఆ తర్వాత. చీటీ రాసేటప్పటికి మనిషి తన అభిప్రాయాన్ని సర్దుకుని ఉంటాడు. మొహం అప్పటికప్పుడే చెప్పేస్తుంది.

మీరు రాసినదాంట్లో నాకు బాగా ఆసక్తిగా అనిపించింది ఒక చిన్న వాక్యం, మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసేశారు. హిండ్లిప్ హాల్ సీన్‌కి మూడు రాత్రులూ నవ్వారు అన్నారు. అదే విగ్గులు, అదే పియానో, అదే జనం, అదే కాలపు క్రూరత్వం. మరి అక్కడ ఎందుకు నవ్వగలిగారు, క్లిథరో దగ్గర ఎందుకు నవ్వలేకపోయారు?

హిండ్లిప్ కథ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1606 జనవరి, రాజుతో సహా పార్లమెంటుని పేల్చేయాలని కొందరు కాథలిక్కులు పన్నిన గన్‌పౌడర్ కుట్ర బయటపడిన రెండు నెలలకి. వూస్టర్‌షైర్‌లోని ఆ పెద్ద ఇంటికి సోదా బలగం వచ్చి కూర్చుంది. లోపల గోడల్లో దొంగ అరలు, వాటిల్లో నలుగురు. నికొలస్ ఓవెన్ అనే పొట్టి వడ్రంగి, ఇలాంటి అరల్ని ఇంగ్లండ్ అంతా తిరిగి ఏళ్ళ తరబడి కట్టినవాడు, రాల్ఫ్ యాష్లీతో కలిసి ఒక అరలో నాలుగు రోజులు ఉన్నాడు. ఇద్దరికీ కలిపి ఒక్క ఆపిల్ పండు. ఇంకో అరలో హెన్రీ గార్నెట్, ఎడ్వర్డ్ ఓల్డ్‌కార్న్ అనే ఇద్దరు ఫాదర్లు, జెస్యూట్ అనే కాథలిక్ సంఘంవాళ్ళు. వాళ్ళకి పక్క గదిలోని పొయ్యి గోడలోంచి ఒక బోలు గొట్టం ద్వారా సూపు, వేడి పానీయాలు పోసేవాళ్ళు. ఎనిమిది రోజులు అలా ఉన్నారు. చివరికి వాళ్ళని బయటికి లాగింది ఆకలి కాదు, ఆ అరలో మరుగుదొడ్డి లేకపోవడం. ఇది నేను వెటకారంగా చెప్తున్నది కాదు, గార్నెటే తర్వాత జైలునుంచి రాసిన ఉత్తరంలో, ఆ ఒక్క ఏర్పాటూ ఉండి, లోపలి సామాను కాస్త సర్దుకోగలిగి ఉంటే మూడు నెలలైనా దాక్కునేవాళ్ళం అన్నాడు. మేం బయటికి వచ్చినప్పుడు రెండు దయ్యాల్లా ఉన్నాం, మమ్మల్ని కనిపెట్టినవాడు భయపడి పారిపోయాడు అని కూడా రాశాడు.

గమనించారా? ఆ కామెడీ మీరు చేసింది కాదు. ఉరికంబం ఎదురుగా కనిపిస్తున్నవాడు తన మీద తనే వేసుకున్న జోకు అది. 1606 మే 3న అతన్ని లండన్‌లో చంపేశారు. మీ టీమ్ ఆ జోకుని అతని నోటినుంచే పలికించింది, ఆపిల్‌ని ఎవరు ముందు కొరకాలి అన్న పాటని దాక్కున్నవాళ్ళే పాడుకున్నారు, అందుకే జనానికి నవ్వడానికి అనుమతి దొరికింది. దాక్కున్నవాడితో కలిసి నవ్వుతున్నాం అని వాళ్ళకి లోపల ఎక్కడో తెలుసు. ఈ కాలపు చరిత్రలో ఇలాంటివి వెతికితే ఇంకా దొరుకుతాయి. జాన్ జెరార్డ్ అనే ఇంకో ఫాదర్ జైల్లో నారింజ రసాన్ని సిరాగా వాడి, వేడి తగిలితేనే కనిపించే ఉత్తరాలు రాశాడు, 1597లో లండన్ టవర్‌నుంచి కందకం మీదుగా తాడు పట్టుకుని తప్పించుకున్నాడు. ఇంకాస్త వెనక్కి వెళ్తే, 1535లో, రాజుని చర్చికి అధిపతిగా ఒప్పుకోనందుకు మరణశిక్ష పడ్డ థామస్ మోర్ ఊగిసలాడుతున్న వధ్యవేదిక మెట్లెక్కుతూ, పైకి ఎక్కేదాకా కాస్త పట్టుకోండి, దిగడం సంగతి నేను చూసుకుంటాను అన్నాడని అల్లుడు రాసిపెట్టాడు. బాధితులు ఎప్పుడూ ఏడుస్తూనే ఉంటారు అనుకోవడం మన అమాయకత్వం. బుర్రకథలో హాస్యం వంత ఊరికే లేడు కదా, కథకుడు గొంతు బరువెక్కినప్పుడు పక్కనుంచి ఒక మాట విసురుతాడు, కథ పలచబడదు, ఇంకా దగ్గరవుతుంది.

ఇప్పుడు క్లిథరో. 1586, యార్క్. కసాయి పని చేసే జాన్ క్లిథరో భార్య. భర్త ప్రొటెస్టెంట్, ఈవిడ కాథలిక్ అయింది, ఇంట్లో ఫాదర్లని దాచింది. అంతకు ముందు ఏడాదే, 1585లో, విదేశాల్లో గురుపట్టం తీసుకున్న ఫాదర్ ఇంగ్లండ్‌లో కనిపిస్తే రాజద్రోహం, వాళ్ళకి ఆశ్రయం ఇస్తే మరణశిక్ష అని చట్టం వచ్చింది. కోర్టులో ఈవిడ నేరం చేశానని గానీ చేయలేదని గానీ చెప్పడానికి ఒప్పుకోలేదు. చెప్తే విచారణ జరుగుతుంది, విచారణ జరిగితే సొంత పిల్లల్ని సాక్ష్యానికి నిలబెడతారు. అప్పటి చట్టం ప్రకారం నిందితుడు జవాబు చెప్పనిదే విచారణ మొదలు కాదు, అందుకని జవాబు చెప్పేదాకా గానీ చచ్చేదాకా గానీ మీద బరువులు పేర్చడం. మార్చి 25న, ఆవిడ ఒంటి మీద ఒక తలుపు పరిచి దానిపై బరువులు పెట్టి చంపేశారు. ఆ పద్ధతిని 1772 దాకా తీసేయలేదు.

మీ సీన్‌లో ఏముందో మీరే రాశారు. న్యాయమూర్తి "చెప్పు చెప్పు" అని పాడే పాట, కోరస్ అందుకోవడం, ఒక్కో బరువు పెట్టినప్పుడల్లా డ్రమ్ము మీద ఒక కామెడీ చప్పుడు, ప్రతిసారీ ఇంకాస్త పెద్ద బరువు. నా అంచనా ఏంటంటే పాట మొదటి సగానికి రెండో రాత్రి కూడా నవ్వే ఉంటారు. ఎందుకంటే ఆ సగంలో నవ్వు చట్టం మీద ఉంది. జవాబు లేకుండా కేసు లేదు, కేసు లేకుండా శిక్ష లేదు, కాబట్టి కేసు లేని మనిషికి శిక్ష వేద్దాం అనే ఆ వంకర లెక్క ఉంది చూశారా, అది అసలైన కామెడీ, దాన్ని ఇంకా సాగదీయండి. గుమాస్తా ఒకడు కాగితాలతో పరిగెత్తుకు రావాలి, ఏ గడిలో ఏం నింపాలో తెలియక తల పట్టుకోవాలి. జరిమానాల చిట్టా చదవండి, అదీ నవ్వొస్తుంది: 1559లో ఆదివారం చర్చికి రాకపోతే 12 పెన్నీలు, 1581కి అది నెలకి 20 పౌండ్లు అయింది, కూలివాడి ఏడాది సంపాదనకన్నా ఎక్కువ. ఓవెన్ చనిపోయిన 1606లోనే పార్లమెంటు ఇంకో చట్టం చేసింది, స్టేజి మీద వేళాకోళంగా దేవుడి పేరెత్తితే 10 పౌండ్ల జరిమానా అని. మీ నాటకాన్ని ఆ ఏడాది ఆడి ఉంటే ఒక్క రాత్రికే దివాళా తీసేవాళ్ళు. ఇది కోరస్‌కి తగిన పాట కాదూ?

డ్రమ్ము చప్పుడు మొదలయ్యేసరికి నవ్వు చట్టం మీదనుంచి జారి మనిషి ఒంటి మీదకి వచ్చేసింది. పైగా ఆవిడకి మీరు ఒక్క మాట కూడా ఇవ్వలేదు. చరిత్రలో ఆవిడ మౌనంగా ఉంది కాబట్టి మేమూ మౌనంగా ఉంచాం అని మీ టీమ్ అనొచ్చు. కానీ కోర్టులో మౌనం ఆవిడ చేసిన పని, మీ సీన్‌లో మౌనం ఆవిడకి జరిగిన పని. ఈ తేడా జనానికి మాటల్లో తెలియకపోయినా కడుపులో తెలుస్తుంది. ఆ పెద్దాయన లేచింది ఎన్నో బరువు దగ్గరో ఎవరైనా గమనించారా? మొదటి దానికో రెండోదానికో కాదని పందెం కాస్తాను.

ఇంకో సంగతి, ఇది దాదాపు ఎవరూ పట్టించుకోరు. మ్యూజికల్స్‌లో పాట చివర ఒక "బటన్" ఉంటుంది, అంటే ఆఖర్న టక్కుమని పడే ఆ ముగింపు దెబ్బ. అది పడగానే జనం చేతులు వాటంతటవే లేస్తాయి, చప్పట్లు కొడతారు. అది అలవాటు, మెచ్చుకోలు కాదు. మీ పాట క్లిథరో చనిపోవడంతో ముగుస్తుంది, ఆఖర్న బటన్ ఉంది అని మీరే రాశారు. అంటే మీరు వంద మంది చేత ఒక స్త్రీ చావుకి చప్పట్లు కొట్టించారు. కొట్టిన అర సెకనుకి వాళ్ళకి తెలివి వస్తుంది, సిగ్గేస్తుంది, ఆ సిగ్గు కోపమై మీ మీదకి తిరుగుతుంది. ఆ చీటీలో ఉన్న కోపంలో కొంత ఆవిడ పూర్వీకుల తాలూకుది, కొంత ఆవిడ సొంత చేతుల తాలూకుది అని నా అనుమానం. బటన్ తీసేసి, పాట ఇంకా రెండు బార్లు, అంటే రెండు తాళం చుట్లు, ఉండగానే పియానో ఆపేసి చూడండి. కొంతమంది గందరగోళంలో ఒకటి రెండు చప్పట్లు కొట్టి ఆపేస్తారు. ఆ ఒంటరి చప్పుడు చాలు.

ఇదంతా ఏదో పుస్తకంలో చదివి చెప్పడం లేదు, నా చేతులే కాలాయి. చాన్నాళ్ళ క్రితం ఒక టీమ్‌తో 1612 నాటి పెండిల్ మంత్రగత్తెల విచారణ మీద ఇలాంటిదే ఒకటి అల్లాం. లాంకాస్టర్ కోర్టులో జెనెట్ డివైస్ అనే తొమ్మిదేళ్ళ పిల్లని, పొట్టిగా ఉండి అందరికీ కనిపించడం లేదని బల్ల మీద నిలబెట్టి, కన్నతల్లి మీదే సాక్ష్యం చెప్పించారు. తల్లి కేకలు పెడుతుంటే బయటికి ఈడ్చుకెళ్ళి మరీ చెప్పించారు. తల్లిని, అన్నని, అక్కని ఉరి తీశారు. మేము ఏం చేశాం? బల్ల అనగానే మాకు ట్యాప్ డాన్స్ గుర్తొచ్చింది. పిల్ల బల్ల మీద గంతులేస్తూ ముద్దుముద్దుగా పాడుతుంది, జనం మురిసిపోతారు, అప్పుడు తల్లి అరుస్తుంది, అందరూ ఉలిక్కిపడతారు అని మా లెక్క. రిహార్సల్లో అద్భుతంగా ఉంది. జనం ముందు ఏమైందంటే తల్లి అరుపుకి కూడా నవ్వారు. డాన్స్ ఆగలేదు కాబట్టి, తాళం అలాగే నడుస్తోంది కాబట్టి, అరుపు కూడా ఆటలో భాగమే అనుకున్నారు పాపం. వాళ్ళ తప్పేమీ లేదు, మేమే వాళ్ళ చేత తాళం వేయించాం. ఆ రాత్రి తల్లి వేషం వేసిన అమ్మాయి మేకప్ తీయకుండా చాలాసేపు అలాగే కూర్చుండిపోయింది. మర్నాడు డాన్స్ తీసేయలేదు. తల్లి మొదటి కేకకి సంగీతం చచ్చిపోయేలా చేసి, పిల్ల మాత్రం పాట లేకుండా, వట్టి కాళ్ళ చప్పుడుతో డాన్స్ కొనసాగించేలా మార్చాం. ఒక్క మార్పు. ఆ తర్వాత అక్కడ ఒక్కరూ నవ్వలేదు.

అల్లుకున్న నాటకంలో ఇలాంటివి ఎందుకు ఎక్కువ జరుగుతాయో కూడా చెప్పాలి. రచయిత ఒక్కడే ఉంటే జోకు ఆయనది, తీసేస్తే ఆయన ఒక్కడే అలుగుతాడు. ఇక్కడ ప్రతి జోకుకీ ఒక తల్లి ఉంది. డ్రమ్ము చప్పుడు ఎవరి ఆలోచనో వాళ్ళకి అది తీసేయడమంటే నువ్వు క్రూరుడివి అన్నట్టు వినిపిస్తుంది. మీ టీమ్‌లో గొడవ నాటకం గురించి కాదు, ఇదే. పైగా రిహార్సల్ గదిలో ఆ జోకుకి ఎనిమిది మంది నలభై సార్లు నవ్వి ఉంటారు. క్లిథరో ఎవరో, ఎందుకు మౌనంగా ఉందో, అంతా చదివి, చర్చించి, కొందరు కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఆ బరువంతా మనసులో ఉంచుకుని నవ్విన నవ్వు అది. టికెట్ కొనుక్కుని వచ్చినవాడికి ఆ బరువు లేదు, వాడికి డ్రమ్ము చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది. కాబట్టి మీ గదిలో ఎవరిదీ తప్పు కాదు, గదికి బయట ఒక జత కళ్ళు లేకపోవడమే లోపం. ఇప్పుడైనా ఒకర్ని తెచ్చుకోండి, టీమ్‌లో ఎవరికీ ప్రాణస్నేహితులు కానివాళ్ళని.

మీ టీమ్‌లో "ఒక్క అక్షరం మార్చం" అంటున్నవాళ్ళు బహుశా క్యాబరే ఉదాహరణ తెస్తారు, నాజీలు బలపడుతున్న కాలపు బెర్లిన్ మీద వచ్చిన మ్యూజికల్ అది, తేకపోతే నేనే తెస్తాను. 1966లో బ్రాడ్వేకి వచ్చే ముందు బోస్టన్‌లో ఆడినప్పుడు, అందులో ఒక పాట ఉంది, వ్యాఖ్యాత ఒక గొరిల్లాతో ప్రేమగా డాన్స్ చేస్తూ, నా కళ్ళతో చూస్తే ఈమె ఎంత బాగుంటుందో అని పాడి, ఆఖరి వాక్యంలో ఈమె అసలు యూదురాలిలాగే కనిపించదు అని ముగిస్తాడు. అప్పటిదాకా నవ్వుతున్న జనాన్ని, మీరు నవ్వుతున్నది దేనికో చూసుకోండి అని పట్టుకోవడం ఆ వాక్యం పని. కానీ యూదు ప్రేక్షకులనుంచి గట్టి అభ్యంతరాలు వచ్చాయి, దర్శకుడు హెరాల్డ్ ప్రిన్స్ ఆ వాక్యాన్ని మార్పించాడు. 1972 సినిమాలో మళ్ళీ పాత వాక్యమే పెట్టారు. నా ఉద్దేశంలో మెత్తబరిచిన వాక్యంతో ఆ పాట చప్పగా ఉంటుంది. అయినా ప్రిన్స్‌ని తప్పుపట్టను. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఇరవై ఏళ్ళు, హాల్లో కూర్చున్నవాళ్ళలో అయినవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళున్నారు. అదే వాక్యం ఆరేళ్ళ తర్వాత నిలబడింది. మీ విషయంలో నాలుగు వందల ఏళ్ళు గడిచాయి కదా అంటారేమో, కాలం గడిస్తే గాయం మానుతుంది అనేది ఆ గాయం ఎవరిదో వాళ్ళు చెప్పాల్సిన మాట.

యార్క్ సంగతి అందుకే వేరు. మీరు ఇంతవరకూ ఆడిన ఊళ్ళో క్లిథరో ఒక కథ. యార్క్‌లో ఆవిడ పొరుగింటావిడ. షాంబుల్స్ వీధిలో ఆవిడ పేరిట ప్రార్థనా స్థలం ఉంది, బార్ కాన్వెంట్ అనే సన్యాసినుల మఠంలో ఆవిడ చెయ్యి అని భక్తులు నమ్మే అవశేషాన్ని భద్రంగా ఉంచారు. 1970లో పోపు నలభై మందిని పునీతులుగా ప్రకటించారు, ఆ జాబితాలో క్లిథరో ఉంది, మీ పొట్టి వడ్రంగి ఓవెన్ కూడా ఉన్నాడు. అంటే మీ హాల్లో కొంతమందికి మీ హీరోయిన్ రోజూ ప్రార్థించుకునే మనిషి. దానర్థం భయపడి వంగిపోమని కాదు. వాళ్ళు మిగతావాళ్ళకంటే మీ కథని బాగా ఎరిగినవాళ్ళు, చిన్న తప్పు కూడా పట్టేస్తారు, అలాగే మీరు నిజం పట్టుకుంటే అందరికంటే ముందు నవ్వేదీ వాళ్ళే. గార్నెట్ మరుగుదొడ్డి జోకుకి అక్కడ మీకు వచ్చే నవ్వు వేరేచోట రాదు చూడండి.

రెండో చీటీకి, మేరీ రాణి సంగతికి వద్దాం. అడిగినవాళ్ళు సరిగ్గానే అడిగారు. 1555 నుంచి 1558 మధ్య మేరీ హయాంలో సుమారు 280 మంది ప్రొటెస్టెంట్లని సజీవంగా కాల్చారు. లూయిస్ ఊళ్ళో ఇప్పటికీ నవంబరు 5 రాత్రి అక్కడ కాలిపోయిన 17 మంది కోసం 17 మండే శిలువలు మోస్తారు. కాబట్టి మీ జనంలో అటువైపు జ్ఞాపకం ఉన్నవాళ్ళూ ఉంటారు. అయితే కంగారుపడి ఇప్పుడు ఒక "బ్యాలన్స్" సీన్ అతికించకండి, అది అతికించినట్టే కనబడుతుంది, ఇరువైపులా నచ్చదు. మీ నాటకంలోనే దానికి చోటుంది. ఫ్రాన్సిస్ వాల్సింగమ్ మీ విలన్ కదా, వేగుల పెద్ద, ఫాదర్ల వేట వెనక ఉన్నవాడు. మేరీ హయాంలో అతను ప్రాణభయంతో దేశం వదిలి పారిపోయినవాడే, ఎలిజబెత్ వచ్చాకే తిరిగొచ్చాడు. ఇప్పుడు అతని పాట కేవలం మీసం మెలేసే విలన్ పాట. దాంట్లో ఒక్క చరణం మార్చి, తను దాక్కున్న రోజుల సంగతి చెప్పించండి, అదే హుషారైన బాణీలో. దాక్కోవడం ఎలాగో తెలిసినవాడికే వెతకడం బాగా తెలుస్తుంది అన్న ఆలోచన వస్తే ఆ పాత్రకి ప్రాణం వస్తుంది, చీటీకి జవాబూ వస్తుంది.

ఇంకో చిన్న విషయం. చరిత్ర తెలియని కుర్రవాళ్ళు చాలామంది ఆపిల్ సంగతి మీరు కల్పించారనుకుంటారు. గొట్టంలో సూపు కూడా. 1963లో జోన్ లిటిల్‌వుడ్ బృందం మొదటి ప్రపంచ యుద్ధం మీద 'ఓ వాట్ ఎ లవ్లీ వార్' ఇలాగే కలిసి అల్లినప్పుడు, నటులు జోకర్ల బట్టల్లో సైనికుల పాటలు పాడుతుంటే వెనక లైట్ల బోర్డు మీద చనిపోయినవాళ్ళ లెక్కలు నడిచేవి. నటులు ఏడవలేదు, ఏడవమని అడగలేదు. మీకు బోర్డు లేకపోయినా పర్లేదు, ఒకరు ముందుకొచ్చి మామూలు గొంతుతో "ఈ ఆపిల్ నిజం" అని చెప్పి వెనక్కి వెళ్ళిపోతే చాలు. ఓవెన్ చివరికి టవర్‌లో చిత్రహింసల కింద చనిపోయాడని, ప్రభుత్వం మాత్రం ఆత్మహత్య అని ప్రకటించిందని కూడా అలాగే చెప్పొచ్చు, పాట లేకుండా. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, అలా చెప్పినవన్నీ నిజమై ఉండాలి, యార్క్‌లో ముఖ్యంగా.

ప్రదర్శన అయ్యాక చర్చ పెడదామా అని అడిగారు. పెట్టండి గానీ నటుల్ని చెమట ఆరకముందే కుర్చీల్లో కూర్చోబెట్టొద్దు, పావుగంట ఆగండి, మాట్లాడే బాధ్యత ఇద్దరికే ఇవ్వండి. నచ్చిందా అని అడగొద్దు, దానికి అబద్ధమే జవాబు. ఎక్కడ చూపు పక్కకి తిప్పుకున్నారు అని అడగండి. మొదట ఎవరూ మాట్లాడరు, ఆ తర్వాత ఆపడం కష్టం.

చీటీ రాసిన ఆవిడ పేరు గానీ ఆచూకీ గానీ ఉంటే జవాబు రాయండి. క్షమాపణల వరద వద్దు, మా ఉద్దేశం అది కాదు అనే వాక్యం అసలే వద్దు, ఎవరి ఉద్దేశమూ ఎప్పుడూ అది కాదు. డ్రమ్ము చప్పుడు తీసేశామని, పాట చివర మార్చామని, ఆ పెద్దాయన ఏ బరువు దగ్గర లేచారో తెలిస్తే మాకు ఉపయోగమని రాయండి. రాకపోవచ్చు జవాబు. ఒకసారి నాకు వచ్చింది, రెండు పేజీలు, అందులో ఒకటిన్నర పేజీ తిట్లే, మిగతా సగం పేజీతో మేము మొత్తం రెండో అంకం సరిచేసుకున్నాం.

ముందు ఈ వారంలోనే మీ పియానో వాయించే అబ్బాయిని కూర్చోబెట్టుకుని ఆ బటన్ సంగతి తేల్చండి. మిగతావన్నీ రిహార్సల్లో వాదించుకోవచ్చు, అది మాత్రం చేతివేళ్ళకి అలవాటైపోయి ఉంటుంది, తీయడానికి రోజులు పడుతుంది. మా పెండిల్ నాటకంలో సంగీతం ఆపమన్న చోట మావాడు నాలుగు రాత్రులు వరసగా ఆ ఆఖరి దెబ్బ కొట్టేసి, ఆ తర్వాత నాలుక్కరుచుకున్నాడు.